గుడ్డపీలికలతో పండగ అలంకరణ: అవగాహన

దర్జీ దుకాణంలో పొద్దుపోయాక ఊడ్చి పారేసే పీలికలు, పేరంటాల్లో పెట్టగా బీరువా అడుగున చేరిన జాకెట్ ముక్కలు, చిరిగిన నేతచీర నుంచి విప్పి దాచిన జరీ అంచు. ఇంటిని పండగకు ముస్తాబు చెయ్యడానికి ఈ సరుకు చాలు. పోటీ పరీక్షలు రాసేవారికి ఈ అంశం ఒకచోట కాదు, అనేక చోట్ల తగులుతుంది. డీఎస్సీ, టెట్ అభ్యర్థులకు సామాన్యశాస్త్రంలోనూ బోధనా పద్ధతుల్లోనూ వస్తుంది. గ్రూప్స్ రాసేవారికి హస్తకళలు, భౌగోళిక గుర్తింపు, పర్యావరణ నిబంధనల కింద వస్తుంది. కుట్టుపని కోర్సు చేసేవారికి నేరుగా ప్రాక్టికల్‌లోనే ఎదురవుతుంది.

వీటిని వేర్వేరు పుస్తకాల్లో వేర్వేరుగా బట్టీ పట్టడం వల్లే తొందరగా జారిపోతాయని నా గట్టి నమ్మకం. ఒక తోరణం చేత్తో కత్తిరించి కుట్టినవారికి పడుగుపేకలు, వైశాల్యం, దారాల రసాయనం, పిప్లీ చాందినీ, థర్మకోల్ నిషేధం ఒకే తాటి మీదికొస్తాయి. అందుకే ఇక్కడ పనీ పాఠమూ కలిపి చెబుతున్నాను.

ముందు గుడ్డ స్వభావం తెలియాలి

మగ్గం మీద నిలువుగా సాగే దారాలు పడుగు, అడ్డంగా నేసేవి పేక. పడుగు దారాలను బిగించి కడతారు కాబట్టి ఆ దిశలో గుడ్డ దాదాపు సాగదు. పేక దిశలో కొద్దిగా సాగుతుంది. రెంటికీ ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో లాగితే బాగా సాగుతుంది. దర్జీలు క్రాస్ అనేది ఈ దిశనే. అలంకరణ పనిలో దీని ఉపయోగం రెండు రకాలు. తోరణం మొత్తం బరువు మోసే పట్టీని ఎప్పుడూ పడుగు వెంట కత్తిరించాలి, లేకపోతే రెండో రోజుకే మధ్యలో వేలాడిపోతుంది. పూరేకులు, ఆకుల అంచుపట్టీలు క్రాస్‌లో కత్తిరించాలి. అలా కోసిన అంచు నుంచి దారాలు అంతగా ఊడవు, వంపు తిప్పినచోట ముడత పడదు.

ఇక దారం దేనితో చేసిందో తెలుసుకోవాలి. దీనికి పాఠ్యపుస్తకాల్లోని నిప్పు పరీక్ష చాలు. గుడ్డనుంచి నాలుగు దారాలు లాగి, పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టుకుని వెలిగించాలి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద మిగులుస్తుంది, ఎందుకంటే అది సెల్యులోజ్. పట్టు ప్రోటీన్ కాబట్టి వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, చివర నలిపితే పొడయ్యే నల్లపూస మిగులుతుంది. పాలియెస్టర్ మంట తగలగానే ముడుచుకుని కరిగి, చల్లారాక వేళ్లతో నలపలేనంత గట్టి పూస అవుతుంది. అది పెట్రో రసాయనాల నుంచి వచ్చిన కృత్రిమ దారం. నీళ్ల సీసాల్లో వాడే పెట్ ప్లాస్టిక్కూ అదీ ఒకే పదార్థం.

ఇక్కడ పరీక్షకులకు ఇష్టమైన మెలిక రేయాన్. చూపుకు పట్టులా మెరుస్తుంది, కానీ కొయ్యగుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్‌తో తయారవుతుంది కాబట్టి నూలులాగే కాలుతుంది. సహజ ముడిపదార్థం, రసాయన ప్రక్రియ రెండూ ఉన్నందువల్ల దాన్ని పూర్తి కృత్రిమ దారాల జాబితాలో చేర్చరు. టెరికాట్ పాలియెస్టర్, నూలు కలిపినది. దర్జీ సంచిలో మనకు ఎక్కువగా దొరికే ముక్కలు ఈ కలనేత రకాలే.

గుమ్మానికి తోరణం

మామిడాకు ఆకారం మన గుమ్మానికి అలవాటైనది, కుట్టడానికీ తేలిక. సాధారణ గుమ్మం వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుందాం. తోరణం మధ్యలో 10 సెం.మీ. కిందికి వంగితే చూడ్డానికి బాగుంటుంది. అంత వంపుకు పట్టీ ఎంత ఎక్కువ కావాలి? చాలామంది ఇరవయ్యో ముప్పయ్యో అంటారు. లెక్కలో అదనంగా వచ్చేది దాదాపు 3 సెం.మీ. మాత్రమే. కట్టుకోవడానికి రెండు చివర్లా పదిహేనేసి వదిలితే మొత్తం 123 సెం.మీ. పట్టీ సరిపోతుంది. పట్టీకి 6 సెం.మీ. వెడల్పు గుడ్డ తీసుకుని, అంచులు లోపలికి మడిచి మళ్లీ సగానికి మడిస్తే ఒకటిన్నర సెం.మీ. గట్టి పట్టీ వస్తుంది. నేతచీర అంచు ఉంటే ఆ మడత పని కూడా తప్పుతుంది.

ఆకు 14 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు ఉండాలంటే అన్నివైపులా కుట్టుకు ఒక సెం.మీ. కలిపి 16, 8 కొలతతో ముక్కలు కోయాలి. ఒకే కొలతతో రెండు ముక్కలు తీసుకుని, మంచివైపులు ఎదురెదురుగా ఉండేలా పెట్టి, పైభాగం వదిలేసి మిగతా చుట్టూ కుట్టి, లోపలివైపు బయటికి తిప్పాలి. తిప్పేముందు కొన దగ్గర కుట్టు తెగకుండా మిగులు గుడ్డను కత్తిరించకపోతే ఆకు మొన మొద్దుగా ఉండిపోతుంది. ఈ చిన్న మెలకువ తెలిసిందా లేదా అన్నది చూడగానే తెలిసిపోతుంది, ప్రాక్టికల్‌లో మార్కులు పోయేదీ ఇక్కడే. నడిమి ఈనెకు పసుపు దారంతో గొలుసు కుట్టు వేస్తే ఆకుకు ప్రాణం వస్తుంది. ఇలాంటి ఆకులు 15 అయితే గుమ్మం నిండుతుంది.

అంత ఓపిక లేనివారు త్రికోణపు జెండాలు కట్టుకోవచ్చు. అంకగణితం రాసేవారు ఇక్కడ కాస్త ఆగాలి. 60 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. వెడల్పు ఉన్న గుడ్డపట్టీ నుంచి 10 సెం.మీ. భూమి, 12 సెం.మీ. ఎత్తు ఉన్న త్రికోణాలు కోయాలి. అన్నీ ఒకే దిశలో కోస్తే ఆరు వస్తాయి, సగం గుడ్డ వృథా. ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా కోస్తే పదకొండు వస్తాయి. పట్టీ వైశాల్యం 720 చదరపు సెం.మీ., ఒక్కో త్రికోణం 60, పదకొండుకు 660. రెండు చివర్లా సగం త్రికోణాలు మాత్రమే మిగులుతాయి. అవి కూడా గుత్తుల్లో వాడుకోవచ్చు. అచ్చు వేసిన బొమ్మలున్న గుడ్డకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, సగం జెండాల్లో నెమలి తలకిందులుగా వేలాడుతుంది.

బంతిపూలు, గుత్తులు

గుడ్డపూలలో అన్నిటికన్నా అందంగా వచ్చేది బంతిపువ్వు. పసుపు లేదా కాషాయం రంగు నూలుగుడ్డను 8 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. పొడవు పట్టీగా కోసి, పొడవు వెంట సగానికి మడవాలి. మడత ఉన్న వైపు నుంచి లోపలికి అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున గాట్లు పెట్టుకుంటూ పోవాలి, తెరిచి ఉన్న అంచు దగ్గర ఒక సెం.మీ. వదిలేయాలి. ఇప్పుడు పట్టీని చాపచుట్టలా బిగించి చుడుతూ అడుగున సూదితో కుట్టేస్తే రేకులన్నీ చిన్న చిన్న ఉచ్చుల్లా విచ్చుకుంటాయి. రేకు కొసలన్నీ మడతలే కాబట్టి అక్కడ దారం ఊడదు. గుడ్డను మడిచి గాటు పెట్టాలన్న ఆలోచన వెనక ఉన్న తెలివి ఇదే.

గుండ్రటి ముక్కలతో చేసే యో-యో పువ్వు ఇంకా తేలిక. 10 సెం.మీ. వ్యాసం ఉన్న వృత్తం కోసి, అంచు అర సెం.మీ. లోపలికి మడుస్తూ చుట్టూ కచ్చా కుట్టు వేసి దారం లాగితే మూతి దగ్గరకొచ్చి బిళ్లలా అవుతుంది. వ్యాసం సగానికన్నా కాస్త తగ్గి నాలుగున్నర దాకా వస్తుంది. మధ్యలో పాత గుండీ కుడితే పువ్వు. ఇలాంటి వాటిని, గవ్వలను, పూసలను దారానికి గుచ్చి ద్వారబంధానికి రెండు పక్కలా వేలాడదీయవచ్చు. పాత గాజులకు పీలికలు చుట్టి ఒకదాని కింద ఒకటి కడితే గోడకు వేలాడే గుత్తి అవుతుంది. బొమ్మల కొలువు మెట్ల అంచుకు కూడా ఇదే పని సరిపోతుంది. పెళ్లి శుభలేఖ అట్టలు, గోనెసంచి ముక్కలు వెనక దన్నుగా వాడుకోవచ్చు.

గంజి, జిగురు, రంగు

ఒకే పొర గుడ్డతో చేసిన ఆకులు ముడుచుకుపోకుండా ఉండాలంటే గంజి పెట్టాలి. చిక్కటి అన్నం గంజిలో ముంచి, నీడన ఆరబెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే అట్టలా నిలబడుతుంది. వర్షాకాలపు పండగలకు గంజి పెట్టిన వాటిని బూజు పట్టకుండా పండగ కాగానే ఉతికి దాచాలి. అతికించడానికి మైదా ఉడికించిన జిగురు చాలు. చింతగింజల జిగురు ఇంకా గట్టిది. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు పటం గుడ్డను గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురుతో సిద్ధం చేస్తారన్నది గ్రూప్స్‌లో అడగదగిన విషయం.

తెల్ల నూలు ముక్కలే మిగిలినప్పుడు పసుపుతో రంగు వేసుకోవచ్చు. గుడ్డను ముందు పటిక నీళ్లలో నానబెట్టి, తర్వాత పసుపు మరిగిన నీళ్లలో వెయ్యాలి. పటిక రంగును దారానికి పట్టి ఉంచుతుంది. ఇలా పనిచేసే పదార్థాలను రంగుబంధకాలంటారు. అయినా పసుపు ఎండకు త్వరగా వెలుస్తుంది కాబట్టి నీడపట్టు గుమ్మానికే వాడాలి. పసుపు గుడ్డకు సున్నం నీళ్లు లేదా సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. క్షార గుణానికి పసుపు సూచికగా పనిచేయడమే కారణం. పసుపు రంగువేసిన పూరేకుల కొసలను సున్నపు తేటలో ముంచితే రెండు రంగుల పువ్వు వస్తుంది, పాఠం కూడా గుర్తుండిపోతుంది. కలంకారీలోనూ ఈ సూత్రాలే. అక్కడ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి పులియబెట్టి నల్లరంగు తీస్తారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నం, పెడన ప్రాంతంలో చెక్క అచ్చులు వాడతారు. ఈ తేడా కూడా ప్రశ్నగా అడగదగినదే.

దీపాల దగ్గర జాగ్రత్త

దీపావళి, కార్తీకమాసం అలంకరణలో నేను పట్టుబట్టి చెప్పే మాట ఒకటుంది. ప్రమిదకు చెయ్యి చాచినంత దూరంలో కూడా గుడ్డ వేలాడకూడదు. నూలు కూడా అంటుకుంటుంది, కాకపోతే బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి చుక్కలుగా రాలి చర్మానికి అతుక్కుంటుంది, గాయం లోతుగా పడుతుంది. పొయ్యి దగ్గర సింథటిక్ దుస్తులు వేసుకోవద్దనడానికి పుస్తకంలో ఇచ్చే కారణం ఇదే. వెదురు చీలికలకు పలచటి నూలుచీర ముక్క చుట్టి ఆకాశదీపం కట్టుకున్నవారు లోపల చిన్న ఎల్ఈడీ బల్బే పెట్టాలి.

అతుకు పనికి మన దేశంలో ఉన్న వారసత్వం

పీలికలతో అలంకరణ డబ్బు లేనివారి సర్దుబాటు అనుకునేవారు పూరీ రథయాత్రను ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. ఒడిశాలోని పూరీ జిల్లా పిప్లీలో దర్జీ కుటుంబాలు రంగుగుడ్డ ముక్కలను కోసి, మరో గుడ్డ మీద అమర్చి కుట్టే పనిని తరాలుగా చేస్తున్నాయి. ఆప్లిక్ అనే ఈ కుట్టుకు అక్కడి పేరు చాందువా. రథయాత్రలో రథాలకు కప్పే గుడ్డల రంగులూ తెలియాలి. జగన్నాథుడి రథం నందిఘోషకు ఎరుపు, పసుపు. బలభద్రుడి తాళధ్వజానికి ఎరుపు, ఆకుపచ్చ. సుభద్ర దర్పదళనకు ఎరుపు, నలుపు. ఎరుపు మూడింటికీ ఉంటుంది, రెండో రంగే తేడా అని గుర్తుంచుకుంటే చాలు. దేవుడి రథానికి కప్పే గౌరవం గుడ్డముక్కల పనికి దక్కింది. పిప్లీ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

బిహార్‌లో ఇదే తరహా పనిని ఖత్వా అంటారు, డేరాలు, చాందినీల మీద కనిపిస్తుంది. సుజనీ కూడా బిహార్‌దే, ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామం దానికి పేరుపొందింది. పాత చీరలు పొరలుగా పరిచి పుట్టిన బిడ్డకు మెత్తటి పక్క కుట్టడం నుంచి ఆ కళ పెరిగింది. పశ్చిమ బెంగాల్‌లో ఇలాంటి పొరల కుట్టు నక్షీ కాంథా. గుజరాత్ సౌరాష్ట్రలో గుమ్మానికి కట్టే కుట్టుపని తోరణాలకు మామిడాకుల్లాంటి మొనలు వేలాడుతుంటాయి, గోడకు చతురస్రపు చాక్లా ఉంటుంది. తంజావూరు వైపు ఆలయ రథాలకు వేలాడే గొట్టాల్లాంటి గుడ్డ అలంకరణలను తొంబై అంటారు.

కర్ణాటక బళ్లారి జిల్లా సండూరు లంబానీ (లంబాడీ) కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో జీ20 సాంస్కృతిక బృందం హంపీలో సమావేశమైనప్పుడు 1,755 లంబానీ వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. అద్దాలు, గవ్వలు, ముక్కల అతుకులతో నిండే ఈ కుట్టు తెలంగాణ, రాయలసీమ తండాల్లో మన కళ్ల ముందు ఉన్నదే. ఇక మన బొంత సంగతి చెప్పక తప్పదు. పాత నేతచీరలు, పంచెలు పొరలుగా వేసి పొడవాటి కచ్చా కుట్టుతో కలిపిన బొంత సుజనీకి, కాంథాకు అప్పచెల్లెలే. దానికి ప్రదర్శనశాలల్లో అంత పేరు రాలేదు, అది మన అశ్రద్ధే. బొంతకుట్టులో వరసలు కొద్దిగా వంకరగా సాగినా గోడకు వేలాడదీసిన ముక్క ఎంత నిండుగా ఉంటుందో కుట్టినవారికి తెలుసు.

ఈ గుర్తింపులకు ఆధారమైన భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబర్ 15 నుంచి అమలైంది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. నమోదు పదేళ్లకు, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. మొదటి గుర్తింపు డార్జిలింగ్ టీకి.

థర్మకోల్ ఎందుకు పోయింది

ఇళ్లలో, మండపాల్లో తెల్లటి థర్మకోల్ మందిరాలు, పూలు ఒకప్పుడు మామూలు. 2021 ఆగస్టు 12న ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ సవరణ నిబంధనలు ప్రకటించారు. వాటి ప్రకారం 2022 జులై 1 నుంచి కొన్ని ఏకవినియోగ ప్లాస్టిక్ వస్తువుల తయారీ, దిగుమతి, నిల్వ, పంపిణీ, అమ్మకం, వాడకం నిషిద్ధం. ఆ జాబితాలో అలంకరణకు వాడే పాలీస్టైరీన్, అంటే థర్మకోల్, పేరుతో సహా ఉంది. ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, మిఠాయి పెట్టెలకూ శుభలేఖలకూ చుట్టే పలచటి పొరలు, 100 మైక్రాన్ల కన్నా పలచటి పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. పండగ సామగ్రిలో ఎంత భాగం ఈ జాబితాలోకి వస్తుందో చూస్తే గుడ్డ తోరణం విలువ తెలుస్తుంది. ఈ నిబంధనల మూలచట్టం పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986. ప్లాస్టిక్ చేతిసంచుల కనీస మందం 2021 సెప్టెంబర్ 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు.

రాజ్యాంగంలో 48ఎ అధికరణం ప్రభుత్వానికి, 51ఎ(జి) పౌరుడికి పర్యావరణ బాధ్యతను అప్పగిస్తాయి. రెండూ 1976లో 42వ సవరణతో చేరాయి. మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడాలన్న 51ఎ(ఎఫ్) కూడా ఇక్కడ వర్తిస్తుంది, జవాబులో దాన్ని కలిపేవారు తక్కువ. పర్యావరణహిత జీవనశైలిని ప్రోత్సహించే మిషన్ లైఫ్‌ను 2022 అక్టోబర్ 20న గుజరాత్ ఏక్తానగర్‌లో ప్రధాని మోదీ, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ ప్రారంభించారు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 12వది బాధ్యతాయుత వినియోగం, ఉత్పత్తి. అంతర్జాతీయ శూన్య వ్యర్థాల దినం మార్చి 30న జరుపుతారు, 2025లో దాని ఇతివృత్తం ఫ్యాషన్, జౌళి వ్యర్థాలు. వాడిన దుస్తుల పునర్వినియోగ పరిశ్రమకు హరియాణాలోని పానిపట్ పెద్ద కేంద్రం. పాత బట్టలను గ్రామాలకు చేర్చే గూంజ్ సంస్థ స్థాపకుడు అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసె పురస్కారం దక్కింది.

ఇదే పనిని జీవనోపాధిగా చేసుకునేవారికి సంబంధించిన పథకం పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబర్ 17న ప్రారంభమైంది. 18 వృత్తుల్లో దర్జీలు, పూలదండలు కట్టేవారు, బొమ్మలు చేసేవారు ఉన్నారు. పనిముట్లకు రూ.15,000 దాకా సాయం, రెండు విడతల్లో మొత్తం రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు.

తరగతి గదిలో

1937 వార్ధా సమావేశంలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీమ్‌లో చేతిపని చదువుకు కేంద్రం. దాని ప్రణాళికను జాకీర్ హుస్సేన్ కమిటీ తయారుచేసింది. జాతీయ విద్యావిధానం 2020లో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజుల సంచిరహిత కాలం, స్థానిక వృత్తికారుల దగ్గర అనుభవం అన్నవి ఆ ఆలోచనకు దగ్గరివే. పాఠ్యప్రణాళిక రాయమన్నప్పుడు త్రికోణపు జెండాలతో వైశాల్యం, పసుపు గుడ్డతో సూచికలు చెప్పే కృత్యం రాయండి. చిన్న తరగతులకు మొన మొద్దుగా ఉన్న కత్తెర, జిగురు. సూది పెద్ద తరగతులకే. ఈ వివరం రాస్తే పిల్లలతో పనిచేయగలవారని పేపరు దిద్దేవారికి తెలుస్తుంది.

మాదిరి ప్రశ్నలు

ఒక దారం కాగితం వాసనతో కాలి బూడిద మిగిల్చింది. అది నూలే అని తేల్చవచ్చా? తేల్చలేం. రేయాన్ కూడా అలాగే కాలుతుంది.

చాందువా, ఖత్వా, సుజనీలను రాష్ట్రాలతో జతపరచండి. చాందువా ఒడిశాది, మిగతా రెండూ బిహార్‌వి. ఖత్వాను గుజరాత్‌తో జతచేసి ఇవ్వడం పరీక్షల్లో పెట్టదగిన ఉచ్చు.

కింది వాటిలో 2022 జులై 1 నిషేధ జాబితాలో లేనిది ఏది: అలంకరణ థర్మకోల్, ప్లాస్టిక్ జెండాలు, జనపనార తోరణాలు, ఐస్‌క్రీం ప్లాస్టిక్ పుల్లలు? జనపనార తోరణాలు.

పసుపు రంగు వేసిన నూలుగుడ్డను సబ్బుతో ఉతికితే ఎర్ర మచ్చలు పడ్డాయి. నిమ్మరసం పిండితే ఏమవుతుంది? ఆమ్లం క్షారాన్ని తటస్థం చేస్తుంది కాబట్టి మళ్లీ పసుపు రంగు తేలుతుంది.

84 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉన్న పట్టీ నుంచి 12 సెం.మీ. భూమి, 10 సెం.మీ. ఎత్తు ఉన్న త్రికోణాలు గరిష్ఠంగా ఎన్ని? నిటారుగా ఏడు, తలకిందులుగా ఆరు, మొత్తం పదమూడు.

వ్యాసరూప ప్రశ్న: ‘జౌళి వ్యర్థాల పునర్వినియోగంలో సంప్రదాయ కుట్టుకళల పాత్రను చర్చించండి.’ నిర్వచనంతో కాకుండా ఒక నిర్దిష్టమైన కళతో మొదలుపెట్టండి. పిప్లీ అయినా, తండాల కుట్టు అయినా, బొంత అయినా సరే. తర్వాత నిషేధ నిబంధన, మిషన్ లైఫ్, పీఎం విశ్వకర్మ ఒక్కొక్క వాక్యంలో తెచ్చి, కళాకారులకు గిట్టుబాటు ధర, యంత్రంపై చేసిన నకళ్లతో పోటీ అన్న రెండు ఇబ్బందులను విడమరచండి. కలనేత గుడ్డలో నూలును, పాలియెస్టర్‌ను వేరుచేయడం కష్టం కాబట్టి కర్మాగారాల్లో రీసైక్లింగ్ చిక్కవుతుందని, చేతికుట్టుకు ఆ ఇబ్బంది ఉండదని రాస్తే జవాబుకు బలం చేకూరుతుంది.